మూడు తర్వాత ఐదు

బైండింగు పనిచేసే అతనికి యాభై దాటాయి. చర్చి సంఘంలో ఎవరి పరిశుద్ధ గ్రంథం చిరిగినా అతని బల్ల మీదికే వచ్చేది. పాత కుట్లు విప్పి, పేజీల వరస తప్పకుండా మళ్లీ కుట్టి, గట్టి అట్ట వేసి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క పేజీ తారుమారైందని మాటపడలేదు.

అలాంటివాడి ముందు ఒక ఉదయం వాళ్లక్క ఓ పుస్తకం తెరిచి పెట్టింది. బావ కొన్న కొత్త తర్జుమా అది. ముందువారమే అతను దానికి తోలు అట్ట వేశాడు.

"మూడో వచనం ఉంది, ఐదోది ఉంది. నాలుగేదిరా? కునుకుతూ కుట్టావా?"

కోనేటి దగ్గర రోగులు కాచుకుని ఉండే ఘట్టం అది. దేవదూత దిగి నీళ్లు కదిలించడం, ఆ నీళ్లలో ముందు దిగినవాడి రోగం పోవడం నాలుగో వచనంలోనే ఉండాలి. చిన్నప్పుడు అక్క కాలు పడిపోయి రెండేళ్లు మంచం పట్టినప్పుడు, అమ్మ రోజూ చదివి వినిపించిన మాట.

అతను చిన్నబుచ్చుకున్నాడు. "పేజీ మధ్యలో వచనం పోవడం నా సూది పని కాదక్కా. కింద చూడు, ఏదో రాశారు."

వెనకే వచ్చిన బావ అందుకున్నాడు. "బాగా పాత చేతిరాత ప్రతుల్లో ఆ మాట లేదట. తర్వాతెవరో చేర్చారు. నమ్మాల్సింది దీన్నే."

"అయితే మా అమ్మ నాకు చదివింది అబద్ధమా?"

బావ మళ్లీ పేజీ కింది రాత మీద వేలు పెట్టాడు. తమ్ముడు బల్ల మీద బాగుచేతకు వచ్చిన ఇంకో పుస్తకం తీశాడు. దాని అంచున ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో అర్థం రాసుకున్నారు.

"దీన్ని చూసి ఎత్తిరాసేవాడు ఈ అంచు మాటా గ్రంథంలోదే అనుకోవచ్చు. నాలుగో వచనమూ అలాగే చేరిందేమో. అంతమాత్రాన రాసినాయన మోసగాడు కాదుగా. చదివేవాళ్లకి తెలియాలని రాసుంటాడు."

అక్క ఆ అంచు మీది అక్షరాలను వేలితో తడిమింది.

"మరి తీసి పారేయడమెందుకు?"

"పారేయలేదే, కింద పెట్టారు," అన్నాడు బావ.

"చీమ తలకాయంత అక్షరాల్లో పెడితే నా కళ్లకి ఆనుతుందా?"

తమ్ముడు కాగితం ముక్క కత్తిరించి, ఆ వచనాన్ని గుండ్రంగా, పెద్దగా రాసి, 'పాత తర్జుమాలోది' అని చేర్చి, పేజీ లోపలి అంచున అతికించాడు.

"వందేళ్లకి ఈ చీటీ మీద ఎవరో కొట్టుకుంటారు," అని గొణిగాడు బావ.

"కొట్టుకోనీ బావా. అప్పటిదాకా చదువుతున్నట్టేగా."

అక్క నవ్వేసింది.

ఏది నమ్మదగిందో ఇప్పటికీ తేలలేదు. ఆదివారం మధ్యాహ్నాలు అక్క పాతదీ, బావ కొత్తదీ పట్టుకుని అతని బల్లకు అటూ ఇటూ కూర్చుంటారు. మొన్న ఒక్క మాట మీద గంటన్నర వాదించుకుని, పుస్తకాలు అక్కడే వదిలి వెళ్లారు. అతను ఆ అధ్యాయాన్ని రెండింటిలోనూ చదివాడు. ఇన్నేళ్లూ కుట్టడమేగాని ఇంత నెమ్మదిగా చదివింది లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.