యాంటీబాడీ సీసా కడిగిన అమ్మాయి

ఆస్ట్రేలియాలోని టూవూంబా యూనివర్సిటీ ల్యాబులో పాత టెక్నీషియన్ని నేను; నా పక్క బల్ల గుంటూరమ్మాయి దేన్నీ పారేసేది కాదు. ఖాళీ సీసాలతో ఫ్రిజ్‌లో ఒక మహానగరమే కట్టింది.

జన్యువులను నడిపే ఒక ప్రోటీన్‌ని పట్టిచ్చే యాంటీబాడీ మీదే ఆమె పీహెచ్‌డీ ఆధారపడింది. పాతది అయిపోయింది, కొత్తది పనిచేయలేదు. వారంలో పరీక్ష పొర మీద ఆ ప్రోటీన్ ఉందని చెప్పే గీత చూపకపోతే డిగ్రీ లేదు, వీసా లేదు.

ఆవకాయ జాడీ అడుగున అన్నం కలిపినంత శ్రద్ధగా పాత సీసా కడిగి, ఆ నీళ్లతోనే పరీక్ష చేసింది.

"అంకుల్, గీత కనిపిస్తోందా?"

కళ్లద్దాలు నాలుగుసార్లు తుడిచి, ప్రపంచంలోని భూతద్దాలన్నీ పెట్టినంతగా చూశాను.

"సన్నగా ఉందమ్మా."

"అబద్ధాలొద్దు అంకుల్. నాకూ కనిపించట్లేదు."

ఏడుస్తుందనుకున్నాను. సీసాకి మూత బిగించి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టింది.

"రేపు ఇంకోసారి కడిగి చూస్తా."