నూటికి పన్నెండు

ఒక బ్యాంకు మేనేజరును పదిమంది ముందు దొంగను చేసి, మర్నాడే ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడిన ఘనత మా బొగ్గుగని కాలనీలో నాకొక్కదానికే దక్కింది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. మొదలుపెడితే మధ్యలో ఆపడం నాకు రాదు.

అప్పటికి నేను రాత్రి బడిలో అక్షరాలూ లెక్కలూ నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. కొత్తగా ఈత వచ్చినవాడు బావిని వదలనట్టు నేను లెక్కను వదిలేదాన్ని కాదు. నన్ను చూడగానే కూరగాయలామె తక్కెడ దాచుకునేది.

ఆ రోజుల్లోనే మా బిడ్డ స్వరూపకు కర్ణాటకలో ఒక కాలేజీలో ఇన్ఫర్మేషన్ సైన్స్ సీటొచ్చింది. అదేం చదువో కాలనీలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కాకపోతే తెలిసినట్టు తల ఊపడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చు. శుక్రవారంలోగా యాభై వేలు కట్టకపోతే సీటు పోతుంది.

"గీ సదువు అయినంక నౌకరి దొరికితే, మొదట్ల ఎంతిస్తరే?" అని అడిగాను.

"అయిదు వేలు ఇస్తరంట అవ్వా."

"మంచిది. నేను బ్యాంకుకు పోయొస్త."

"బాపు డ్యూటీ నుంచి రానీ. ఇద్దరు కలిసి పోండ్రి."

"ఎందుకే? లెక్కలు నాకొస్తయా, మీ బాపుకొస్తయా?"

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నాకు మటుకు తలలో లెక్కలన్నీ ఉన్నాయి, శని నోట్లో ఉంది.

మేనేజరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన నెమ్మదస్తుడు. కుర్చీ చూపించాడు. "మీవారి జీతం మీద హామీ ఇస్తే అప్పు ఇస్తామమ్మా. వడ్డీ నూటికి పన్నెండు," అన్నాడు.

నా వేళ్ళు చకచకా కదిలాయి. లెక్క తేలింది. గని సైరన్‌లా మోగాను.

"నూటికి పన్నెండా! యాభై వేలకు నెలకు ఆరు వేల వడ్డీ! రేపు మా బిడ్డకొచ్చే జీతమే అయిదు వేలు. గా జీతం మొత్తం మీ గల్లల పోసి, మీదికెళ్ళి ఇంకో వెయ్యి మేం ఎదురు వెట్టాల్నా?"

"అది కాదమ్మా, ఆ పన్నెండు..."

"ఏది కాదు? సదువురానిదాన్ననుకున్నవా సారూ? తుపాకి పట్టుకొని దోచుకునేటోడు సుత గింత గుంజడు!"

వరసలో నిలబడినవాళ్ళలో ఇద్దరు, డబ్బు కట్టడానికి వచ్చినవాళ్ళే, తీసి లెక్కపెడుతున్న నోట్లు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మేనేజరు నోరు తెరిచిన ప్రతిసారీ నేను గొంతు పెంచాను. చివరికి ఆయన మంచినీళ్ళు తాగాడు. ఓడిపోయాడనుకుని నేను బయటికి నడిచాను.

నేరుగా కిరాణం సేటు దగ్గరికి వెళ్ళాను.

"మీ ఇంటాయన పాత ఖాతా గదా అక్కా. రూపాయిన్నర వడ్డీ ఇయ్యి, సాలు," అన్నాడు సేటు.

పన్నెండు గుంజే లోకంలో రూపాయిన్నర అడిగే మనిషి! నా కళ్ళు చెమ్మగిల్లాయి.

"వద్దు సేటూ, రెండు తీస్కో. నీకు సుత పిల్లలున్నరు."

సేటు చేతిలోని పప్పు పొట్లం జారిపోయింది. "నా దందాల వడ్డీ తగ్గియ్యమన్నోళ్ళనే సూసిన గని, పెంచమన్నోళ్ళను సూడలే అక్కా! రేపు కాయితం రాసుకుందాం."

ఇంటికి ఊరేగింపులా వచ్చాను. స్వరూప ఎదురొచ్చింది.

"బ్యాంకు వద్దు బిడ్డా. సేటు దగ్గర ఖాయం జేసిన. వాళ్ళది పన్నెండు, సేటుది రెండే! అది సుత నేనే పెంచిన, పాపం."

స్వరూప నుదురు కొట్టుకుంది. "అవ్వా! సేటు చెప్పేది నెలకు. బ్యాంకోళ్ళు చెప్పేది ఏడాదికి! నెలకు జూస్తే వాళ్ళది నూటికి రూపాయే."

"ఏడాదికా? వడ్డీ ఏడాదికెవలు చెప్తరే?"

"లోకం మొత్తం గట్లనే చెప్తది. నెలకు అయిదు వందల వడ్డీ అయితే అయిదు వేల జీతంల ఎల్లుతది. సేటుకైతే వెయ్యి. నువ్వు పెంచినవు గదా!"

మా వైపు పుట్టి పెరిగినవాళ్ళెవరైనా చెప్పండి, వడ్డీ అంటే నెలకు కాక మరి దేనికి? కాకి లెక్క కాకికి ముద్దు. అది మీరు ఒప్పుకున్నా స్వరూప ఒప్పుకోలేదు. "రేపే శుక్రవారం. గా సారు ఇప్పుడు మన మొకం జూస్తడా?" అంటూ ఏడ్చేసింది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మర్నాడు తలుపులు తెరవకముందే, హామీ సంతకానికి మా ఆయనను కూడా వెంటబెట్టుకుని బ్యాంకు దగ్గరున్నాం. లోపలికి వెళ్ళగానే మేనేజరు నన్ను చూసి ముందుగానే మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏమ్మా, ఇంకా తిట్లు మిగిలాయా?"

వరస మొత్తం చెవులు రిక్కించింది. స్వరూప చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. క్షమాపణ అడగాలనే వెళ్ళాను. కాని నోరు నాది కదా, దాని దారి దానిదే.

"సారూ, నిన్న నేను తిట్టిన తిట్లన్ని నెల లెక్కవి. మీది ఏడాది లెక్క అని తెల్వదు. గందుకని పన్నెండుల ఒక్క పాలే మీరు తీసుకోండ్రి."

"మరి మిగిలిన పదకొండు పాళ్ళు?"

"అవి సేటు కాతల ఎయ్యిండ్రి."

మేనేజరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే స్వరూప అప్పు కాగితాల మీద సంతకం పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా డబ్బు కాలేజీకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దీపం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇక ఎవరిని తిట్టాల్సి వచ్చినా, నెలకా, ఏడాదికా అని ముందు అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే తిడతాను.