క్యాపిటల్ బి

ఇన్నేళ్లుగా ఒక అక్షరాన్ని మోస్తున్నాను. ఇంగ్లీషు బి. అదీ క్యాపిటల్ బి. నవ్వొస్తే నవ్వండి. బరువెంతో నాకు తెలుసు.

ముందే ఒక మాట. సర్వర్‌కు, అంటే వెబ్‌సైటును నడిపే కంప్యూటర్‌కు, విండోస్ ఎంచుకోవడం తప్పని నేను ఒప్పుకోవడం లేదు. చేవెళ్లలో పూల డెకరేషన్ చేసే మా సేటు వెబ్‌సైటు ఆ సర్వర్ మీద ఏళ్ల తరబడి నడిచింది. మొయినాబాద్ ఫంక్షన్ హాళ్లలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు అందులోని ఫొటోలు చూసే మండపం ఖాయం చేసుకున్నారు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ పేరెత్తితే దండం పెట్టేవాళ్లతో ఇప్పటికీ వాదిస్తాను. తప్పు విండోస్‌ది కాదు. నాది.

అప్పుడు కంప్యూటర్ పని చేసేది ఇద్దరమే, నేనూ లతా. లత మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. కొత్తగా చేరింది. సర్వర్‌కు లైనక్స్ పెడితే లైసెన్స్ కొనక్కర్లేదని చెప్పింది. సేటు అటే మొగ్గాడు. నాకు లైనక్స్ రాదు. ఇక మీద ప్రతిదానికీ ఈ పిల్లను అడగాలా? ఆ ఊహకే నాకు ఒళ్లు మండింది.

రెండింట్లోనూ పెట్టి చూపించమన్నాడు సేటు. సైటు ఒకటే, నేను తయారుచేసిందే. నా విండోస్‌లో అన్నీ వచ్చాయి. లత లైనక్స్‌లో తెరిస్తే, పేజీ మొదట్లో బంతిపూల మండపం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా.

"ఫొటో ఏదమ్మా?" అన్నాడు సేటు.

"జర టైమియ్యుండ్రి సేటూ, చూస్త." లత పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూసింది. నా వైపు తిరిగింది. "అన్నా, నీ దాంట్ల వచ్చింది కద. నా దాంట్ల ఎందుకు వస్తలేదు?"

నాకు తెలుసు. ఫొటో ఫైలుకు బంతి అని ఇంగ్లీషులో పేరు పెడుతూ మొదటి అక్షరం క్యాపిటల్ కొట్టాను, పేజీలో మాత్రం చిన్న అక్షరం రాశాను. విండోస్‌కు రెండూ ఒకటే. లైనక్స్‌కు అవి వేర్వేరు పేర్లు. స్థిమితంగా చూస్తే లత కూడా పట్టుకునేదే.

"లైనక్స్‌తోని గిట్లనే ఉంటది సేటూ. పైంగ ఆమెకు ఇంకా సరిగ పెట్టరాదు," అన్న మనిషిని నేనే.

లగ్గాల సీజన్. సేటుకు ఓపిక లేదు. విండోసే పెట్టమన్నాడు. కొన్నాళ్లకు లతను రావద్దన్నాడు. ఆమె వెళ్లిపోయాక ఆ బిని చిన్నది చేసేశాను, ఎవరూ చూడకుండా.

ఎందుకు చేశాను? పొట్టకూటి కోసమని చెబితే మీరు నమ్ముతారేమో, కానీ నాకు ఇంకో పని దొరక్కపోయేది కాదు, సేటు నన్ను వెళ్లమనేవాడూ కాదు. నాకంటే చిన్నదాని ముందు "నాకు రాదు" అనే మాట గొంతు దాటలేదు, అంతే.

మొన్న మొయినాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో లత కనబడింది. చీరలు మడతపెడుతోంది. కంప్యూటర్ పని ఎందుకు వదిలేశావని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

"నాకు గా పని రాదన్నా," అన్నది.

నేను తల ఊపి బయటికొచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? ఆమెను అడిగే ముఖం లేదు. విండోస్ మంచిదన్న మాట వెనక్కి తీసుకోను. ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. లతకు పని వచ్చు. బాగా వచ్చు. రాయడానికి ఇంత సులువైన మాట అని నాకు ఇప్పుడే తెలిసింది.