సింహాల గేటు దగ్గర రెండు బిళ్ళలు

కరోనా తర్వాత మా బిల్డింగ్ కంపెనీ మూతపడితే, షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో ఉన్న మమ్మల్ని కూలీల్ని సప్లై చేసే ఒక కంపెనీ తీసుకుని ఎడారి మధ్యలో ఉన్న జంతువుల పార్కుకి పంపింది. ఆఫ్రికా పోకుండానే ఆఫ్రికా అడవిని చూపించే పార్కు అది. తుమ్మచెట్లు నాటారు, బండలు పేర్చారు, జిరాఫీల్నీ ఖడ్గమృగాల్నీ సింహాల్నీ తెచ్చి వదిలారు. దుబాయ్ కరామా నుంచీ షార్జా నుంచీ కుటుంబాలు వచ్చి, అద్దాల బస్సుల్లో తిరిగి, సెల్ఫీలు దిగి పోతాయి. ఆ చెట్లకు పారే నీళ్ళ పైపులు చూసే పని మాది. వాళ్ళు అద్దంలోంచి చూసే చోటికి మేము పానాలు పట్టుకుని నడిచి వెళ్ళాలి.

ఊళ్ళో పిచ్చికుక్క ఉందంటే దారి మార్చుకునే మనిషిని నేను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తోటపని అని చెప్పేవాణ్ణి. సింహాల మాట ఎత్తేవాణ్ణి కాదు.

నాతోపాటు మా జగిత్యాల వైపు మనిషి ఒకతను ఉండేవాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. గదిలో పై మంచం నాది, కింది మంచం అతనిది. పనిలో మహా నిదానం. బిగించిన నట్టునే మళ్ళీ బిగించి చూసుకుంటాడు. పాత సైట్లలో అందరికంటే ఆఖరున బస్సు దగ్గరికి వచ్చేది అతనే. అందుకని అతని పంచింగ్ కార్డు కూడా నేనే కొట్టేవాణ్ణి. క్యాంపుల్లో అది తప్పని ఎవరూ అనుకోరు. నువ్వు బాత్రూంలో ఉంటే నీ కార్డు నేను కొడతాను, నేను చాయ్ తాగుతుంటే నాది నువ్వు కొడతావు. కలిసి బతకడమంటే మాకు అదే.

సింహాల ఆవరణకి వేరే పద్ధతి ఉండేది. పొద్దున ఐదున్నరకి అవి ఇంకా రాత్రి పడుకునే గదుల్లో, ఇనుప షట్టరు వెనకాల ఉంటాయి. వాటి గుర్రు చెవులకంటే ముందు అరికాళ్ళకి తెలిసేది. మేము లోపలికి వెళ్ళేముందు గేటు పక్క బోర్డుకి ఎవరి నంబరు బిళ్ళ వాళ్ళు తగిలించాలి. బయటికి వచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితే లోపల మనిషి లేనట్టు. అప్పుడు గేటు వేసి షట్టరు ఎత్తుతారు. మా ఫోర్‌మన్ పఠాన్. మొదటి రోజే మా చేతులు చూపించి చెప్పాడు, "అప్నా టోకెన్, అప్నా హాత్. సమ్ఝా?" అని. ఎవరి బిళ్ళ వాళ్ళ చేత్తోనే. అందరం తలలూపాం.

ఆ రోజు లోపల ఆరుగురం పనిచేశాం. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ విజిల్ వేశాడు. అన్న నా వెనకే వస్తున్నాడనుకున్నాను. గేటు దాటి నా బిళ్ళ తీశాను. పక్కనే అతని బిళ్ళ ఉంటే అదీ తీశాను. ఆలోచించి తీయలేదు, ఇన్నేళ్ళ అలవాటుకి చెయ్యి దానంతటదే పోయింది. ఫోర్‌మన్ తలలు లెక్కపెట్టడు, బోర్డు చూస్తాడు. చూశాడు. గేటు వేయించి వాకీటాకీలో "ఖలాస్, సబ్ బాహర్" అన్నాడు, అందరూ బయటికొచ్చేశారని.

మా పికప్ బండి దగ్గరికి వెళ్తే నలుగురే ఉన్నారు. నాతో ఐదుగురం.

బండి వెనక చూశాను, నీళ్ళ డ్రమ్ము పక్కన చూశాను. అప్పుడే ఆవరణ ఆ చివర మోటారు మోగింది. షట్టరు లేస్తోంది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను వెంటనే అరవలేదు. అరిస్తే బిళ్ళ ఎవరు తీశారని అడుగుతారు. నేనని తెలిస్తే వీసా రద్దు చేసి పంపేస్తారు. ముదీర్ ముందు, అంటే మేనేజరు ముందు, ఆఫీసులో నిలబడ్డట్టు, పెట్టె సర్దుకున్నట్టు అన్నీ కళ్ళముందు కదిలాయి. అన్న ఎక్కడో ఇటే ఉండి ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. లేడని తెలుసు. చెమటకి రెండు బిళ్ళలూ అరచేతికి అంటుకుపోయాయి. నాలుగుసార్లు ఊపిరి తీసి ఉంటాను, ఐదుసార్లేమో. మనిషి ప్రాణం పక్కన పెట్టి నా కొలువు గురించి ఆలోచించాను. థూ.

కంచె దగ్గరికి పరుగెత్తాను. బండ వెనక వాల్వు గుంటలో పసుపు టోపీ ఒకటి కదులుతోంది. తల వంచుకుని నట్టు బిగిస్తున్నాడు.

"అన్నా, ఉరుకు! సింహాలను ఇడుస్తున్నరు!"

మోటారు మోతలో అతనికి వినబడలేదు. ఫోర్‌మన్‌కి తెలుగు రాదు. అతని చొక్కా పట్టుకుని గుంజాను. "ఆద్మీ అందర్ హై! అందర్ హై!" మనిషి లోపలున్నాడని అరిచాను.

ఫోర్‌మన్ వాకీటాకీలో "బంద్ కరో" అని గావుకేక పెట్టాడు. షట్టరు ఆగింది. కానీ అప్పటికే ఒక ఆడసింహం కిందనుంచి వంగి బయటికి వచ్చేసింది. వచ్చి తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంది.

ఫోర్‌మన్ గేటు తీయించి పికప్‌ని లోపలికి ఉరికించాడు. పక్క సీట్లోకి నేనెలా ఎక్కానో గుర్తులేదు. సింహం మా బండిని చూసింది. తర్వాత దాని చూపు గుంట వైపు మళ్ళింది. తల కిందికి దించింది. ఫోర్‌మన్ బండిని దానికీ గుంటకీ మధ్య ఆపాడు. తలుపు తెరిచి అన్న కాలరు పట్టుకుని లాగాను.

"ఏందిరా, ఒక్క నట్టు ఉన్నది," అంటూనే ఎక్కాడు. అప్పుడు అద్దంలోంచి దాన్ని చూశాడు. తలుపు గుంజి వేశాడు.

బయటికి వచ్చాక ఫోర్‌మన్ అడిగాడు, "టోకెన్ కిస్‌నే నికాలా?" బిళ్ళ ఎవరు తీశారని. అన్న బిగుసుకుపోయిన నా పిడికిలి చూశాడు, నా ముఖం చూశాడు.

"మైనే," అన్నాడు, తనే తీశానని. బిళ్ళ తీసుకున్నాక వాల్వు గుర్తొచ్చి మళ్ళీ లోపలికి పోయానని చెప్పాడు. నేను కాదనలేదు.

వారం తిరక్కుండా అతన్ని ఇంటికి పంపేశారు. పోయే రోజు అతని పెట్టెకి తాడు కడుతూ అడిగాను, "ఎందుకు మీదేసుకున్నవ్ అన్నా?"

"ఇద్దరం పోయి ఏం జేస్తం తమ్మీ? నువ్వు మొత్తుకోకుంటె నా బొక్కలు గూడ దొర్కకపోతుండె. షట్టర్ లేసుడుతోనె ఎంటనే మొత్తుకున్నవట గద. బండికాడున్నోళ్ళు జెప్పిండ్రు."

చెప్పి నా ముఖంలోకి చూశాడు. నేను తాడు ముడి మీదికి వంగాను.

"అవునన్నా," అన్నాను. "ఎంటనే."