శాలువాల పళ్లెం

బొబ్బిలిలో గృహవిజ్ఞాన క్లబ్బుల ఆడపిల్లలకి యువజన సదస్సన్నారు. పక్క పల్లెలో క్లబ్బు నడిపే యమున అక్కడ ఒక్క మాట చెప్పాలనుకుంది. వంటా కుట్టూ నేర్పే ఈ క్లబ్బుల్లో మగపిల్లల్ని కూడా చేర్చుకోండని. ఇంట్లో ఆమె తమ్ముడు మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోడు. పొలంలో నాట్లేసి వచ్చిన అమ్మే ముంచివ్వాలి. ఆ మంట యమునకి ఈనాటిది కాదు.

తీరా వెళ్తే ఆమెకి మైకు ఇవ్వలేదు, శాలువాల పళ్లెం ఇచ్చారు. "లంగావోణీలో కళగా ఉన్నావమ్మా, పెద్దల వెనకాల నిలబడు" అన్నాడు సభ జరిపించే తిరుమలరావు. వేదిక మీద కుర్చీలన్నీ మగవాళ్లవే. ఏనాడూ పొయ్యి ముట్టించని ఆ పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఇల్లు దిద్దుకోవడమే ఆడపిల్లకి అందమన్నారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. కింద చాపల మీద పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు. యమునకి కాళ్లు లాగేస్తున్నాయి, ఒళ్లు మండిపోతోంది.

భోజనాల వేళ దాటిపోయాక తిరుమలరావుకి ఆమె గుర్తొచ్చింది. "అమ్మాయిల తరఫున యమున రెండు ముక్కలు మాటాడతాది. బేగి కానిచ్చేయమ్మా."

ఆమె పళ్లెంతోనే మైకు దగ్గరికి వచ్చింది. పళ్లెం దించుదామంటే ముందున్న బల్ల నిండా పూలగుత్తులు. తిన్నగా ముఖ్య అతిథి నరసింగరావు దగ్గరికి వెళ్లి, పళ్లెం ఆయన చేతుల్లో పెట్టింది.

"ఓపాలి పట్టండి బాబూ. నాను మాటాడాల."

పట్టుకున్నాడు. ఎవరికి అందిద్దామా అని అటూ ఇటూ చూశాడు. వేదిక మీద ఇంకో ఆడపిల్ల లేదు.