కంపల్సరీ కాని బూస్టర్, కంపల్సరీగా వచ్చిన దగ్గు

ఆ సాయంత్రం పప్పుచారుకు పోపు వేస్తుంటే దగ్గు వచ్చింది. ఎండుమిర్చి ఘాటు అనుకున్నాను. పప్పుచారు తిన్నాం, గిన్నెలు కడుక్కున్నాం, కిటికీలన్నీ తెరిచి క్రైస్ట్‌చర్చ్ చలినంతా ఇంట్లోకి పిలిచాం. దగ్గు మాత్రం ఆగలేదు.

మా అమ్మాయి నిత్యకు అప్పటికే కొన్నాళ్లుగా దగ్గు. ఇయర్ సెవెన్, అంటే మన ఆరో తరగతి, చదువుతోంది. "ఇట్స్ జస్ట్ ఎ కాఫ్, మమ్మీ" అని తేల్చేసింది. నాకు మాత్రం ఒకసారి మొదలైతే ఊపిరి అందేది కాదు. నా ఉద్యోగం కాల్ సెంటర్‌లో. నా దగ్గు విని ఒక కస్టమర్ తన కంప్లైంటు మరిచిపోయి మనూకా తేనె తాగమన్నాడు. పక్క వీధి విజయ ఆంటీ మిరియాల కషాయం తెచ్చింది. రెండూ తాగాను. దగ్గు వాటిని కూడా హాయిగా జీర్ణం చేసుకుంది.

నా భయమంతా మా చెల్లెలు స్వప్న గురించి. తనకు నెలలు నిండాయి. ఈ ఊళ్లో తనకు పుట్టిల్లంటే నేనే. పుట్టే బిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది నేనేనని ఎప్పుడో ఖాయమైంది.

డాక్టర్ నాకూ నిత్యకూ ముక్కులో స్వాబ్ తిప్పింది. రిజల్ట్ వచ్చాక "వూపింగ్ కాఫ్" అంది, అంటే మన కోరింత దగ్గు.

"నాకు చిన్నప్పుడే టీకా వేయించారు" అన్నాను కాస్త గర్వంగా.

"ఆ ఇమ్యూనిటీ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. అందుకే పిల్లలకు ఇయర్ సెవెన్‌లో బూస్టర్ ఇస్తాం. నిత్యకు వేయించారా?"

నేను మా ఆయన శ్రీనివాస్ వైపు చూశాను. ఆయన గోడ మీది చార్టు వైపు చూశాడు.

బూస్టర్ వేయమంటారా అని స్కూలు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు ఆయన అన్న మాట నాకింకా గుర్తే. "కంపల్సరీ అయితే స్కూలోళ్లే ఎంటబడి ఏస్తరు. కావాల్నా, వద్దా అని మననే అడుగుతున్నరంటే అంత అవసరం లేదన్నట్టే గదా!" మేం చదివిన స్కూళ్లలో బూట్ల పాలిష్ కూడా కంపల్సరీ. మమ్మల్ని ఎవరైనా మర్యాదగా అడిగితే అనుమానమే. ఆ మెసేజ్‌కు జవాబివ్వనేలేదు.

"పసిపిల్లలకు ఇది సోకితే ఊపిరి ఆగిపోవచ్చు. యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తయ్యేదాకా బిడ్డ దగ్గరికి వెళ్లొద్దు" అంది డాక్టర్.

కోర్సు మధ్యలోనే స్వప్నకు కొడుకు పుట్టాడు. మెంతికూర పప్పు డబ్బా వాళ్ల గుమ్మం ముందు పెట్టి, పెరట్లో అద్దం తలుపుకు దూరంగా నిలబడ్డాను. లోపల నుంచి స్వప్న బిడ్డను ఎత్తి చూపించింది. ఎవరి పోలికని అడగబోయి దగ్గాను. దగ్గీ దగ్గీ, ఆసరాకు గులాబీ మొక్కను పట్టుకున్నాను. "అక్కా, ఇంకా జర దూరం పో!" అని అరిచింది చెల్లెలు. ముళ్లు గుచ్చుకున్న చేత్తోనే టాటా చెప్పి, కారులో కూర్చుని బాగా ఏడ్చాను.

కోర్సు అయ్యాక "ఇక మీ నుంచి ఎవరికీ సోకదు. దగ్గు మాత్రం కొన్ని వారాలుంటుంది" అంది డాక్టర్. సంబరంగా చెల్లెలికి ఫోన్ చేశాను. మాట మధ్యలోనే దగ్గొచ్చింది.

"డాక్టరమ్మ ఒప్పుకున్నా నేనొప్పుకోను. పప్పుచారుకు పోపేసినా దగ్గకుంట ఉన్ననాడు రా" అంది స్వప్న.

రోజూ వీడియో కాల్‌లో పోపు. రోజూ ఫెయిల్. రోజూ పప్పుచారు తినలేక నిత్య టోస్ట్‌కు మారిపోయింది. ఈలోగా నర్సు తండ్రీకూతుళ్లిద్దరికీ బూస్టర్ వేసింది. సూది చూసి గట్టిగా కళ్లు మూసుకున్న తండ్రి చెయ్యి పట్టుకుని, "యూ ఆర్ డూయింగ్ గ్రేట్, డాడీ" అంది కూతురు.

ఒకరోజు ఎండుమిర్చి మాడింది. ఇంట్లో అందరూ తుమ్మారు. నేను దగ్గలేదు. ఫోన్‌లో చూస్తున్న స్వప్న, "అక్కా, ఇంక రా" అంది.

అప్పటికి స్వప్న కొడుక్కి మెడ నిలబడింది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తే వీధంతా వినేలా ఏడ్చాడు. ఏడవడానికి వాడికంత ఊపిరి ఉన్నందుకు నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు దగ్గు లేదు. మీకు చెప్పేది ఒక్కటే: స్కూలు నుంచి టీకా మెసేజ్ వచ్చిన రోజే జవాబివ్వండి, మీ బూస్టర్ సంగతి కూడా అప్పుడే డాక్టర్‌ని అడగండి.

నిత్య ఇయర్ ఎయిట్‌కు వచ్చింది. మొన్న, కొన్ని రకాల క్యాన్సర్లు రాకుండా ఆ క్లాసు పిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మెసేజ్ వచ్చింది. శ్రీనివాస్ చివరిదాకా చదవకుండానే యస్ నొక్కాడు.

"ఈజ్ ఇట్ కంపల్సరీ, డాడీ?" అంది నిత్య, కావాలనే.

"స్కూల్ల కాదు బిడ్డా, మనింట్ల కంపల్సరీ. ఇంకోసారి దినాం పప్పుచారు తినుడు నాతోని కాదు."