అన్నకు ఫ్రీజరు సూటు

బహ్రెయిన్‌లో చలికి బాధపడ్డానని చెబితే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. వాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే; దుబాయి అంటే ఎండ, ఇసుక, చెమట. అంతకు మించి చెప్పబోతే కోతలు కోస్తున్నాడంటారు. అందుకే నేను చెప్పడం మానేశాను. నేనూ మా అన్నా పనిచేసింది చేపల కోల్డ్ స్టోరులో. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల మేం మైనస్ ఇరవైలో గడ్డకట్టిన చేపల పెట్టెలు ఎత్తేవాళ్లం. అన్న నాకంటే చాలా ముందు వచ్చాడు. నన్ను పిలిపించుకున్నదీ ఆయనే.

కంపెనీ చలికి తొడుక్కునే సూట్లు ఇవ్వలేదని కాదు. ఫ్రీజరు తలుపు ముందున్న చిన్న గదిలో కొక్కేలకు వేలాడుతుండేవి. డ్యూటీ ఎక్కినవాడు చేతికందింది తొడుక్కోవడమే. లోపలి దూదంతా జారి మోకాళ్ల దగ్గర ముద్దకట్టేది. భుజాల మీద ఉత్త బట్ట మిగిలేది. ముందువాడి చెమట ఆరకముందే మనం అందులో దూరాలి. లోపలికి పోగానే ఆ తడి వీపు మీద రేకులా బిగుసుకునేది. కొత్తగా వచ్చినవాడికి మా దగ్గర మొదట నేర్పే పని పెట్టెలు ఎత్తడం కాదు. ఎండలోంచి రాగానే ఒళ్లు తుడుచుకోవాలి, పొడి బనియను వేసుకోవాలి, ఆ తర్వాతే తలుపు మీద చెయ్యి వెయ్యాలి.

ఈ పద్ధతులేవీ పట్టనిది మా అన్న ఒక్కడికే. చొక్కా తడిసి ముద్దయినా అలాగే సూటు ఎక్కించుకుని పోయేవాడు. మేమంతా మధ్యమధ్య బయటికొచ్చి, చేతులు చంకల్లో దూర్చుకుని గెంతుతుంటే, ఆయన తాపీగా ఇంకో పాలెట్ చెక్క మీద పెట్టెలు సర్ది వచ్చేవాడు. “మీ అన్నకు సలి పట్టదే” అనేవాళ్లు క్యాంపులో. మా సూపర్‌వైజరుకు అది మరీ కలిసొచ్చింది. అన్నిటికంటే చల్లగా ఉండే వెనక గది ఆయనకే అప్పగించాడు. అన్న కాదనలేదు. నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఏడు మాతో పనిచేసే నేపాలీ ఒకడికి చలికి కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో రెండు తీసేశారు. గాయం పూర్తిగా మానకముందే విమానం ఎక్కించారు. ఖలాస్ అన్నాడు సూపర్‌వైజరు, అతని మంచం ఖాళీ చేయిస్తూ. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు నా కళ్లు అన్న చేతి మీద పడ్డాయి. వేళ్ల కొసలు మైనం రంగులో ఉన్నాయి. ముద్ద నోటిదాకా పోయేలోపు సగం మెతుకులు పళ్లెంలోనే రాలుతున్నాయి. ఆయన గమనించడం లేదు. ఈయన చేతులూ కాళ్లూ నాకు పూర్తిగా దక్కాలంటే ఆ కొక్కేల సూటు మాన్పించాలి, ఇంకొకడు ముట్టని మంచి సూటు ఈయనకంటూ ఒకటి కొనాలి అని అప్పుడే తీర్మానించుకున్నాను.

శుక్రవారం సెలవు రోజున మా క్యాంపున్న నువైద్రాత్‌లో బస్సెక్కి మనామా పట్నం వెళ్లాం. దారి పొడవునా సణుగుడే. “గిప్పుడు నాకు సూటెందుకురా? పెండ్లికొడుకునా?” అంటాడు. జవాబిస్తే మాట పెరుగుతుందని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పాత సూక్ బజారు వెనక సందులో హెల్మెట్లు, బూట్లు, మెరిసే పట్టీల కోట్లు అమ్మే షాపు ఒకటుంది. షాపు భాయ్ పైనుంచి ఒక ఎర్ర సూటు దించాడు. ఎక్కడి సరుకో, ఎందుకు ఈ ఎండల దేశానికి వచ్చిందో ఆయనకే తెలియదు. దానికి వేలాడుతున్న అట్టముక్క మీద బొమ్మ ఉంది. గడ్డకట్టిన చెరువు మీద ఒకడు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. మంచుకు బొక్క పెట్టి, అందులోకి గాలం వేశాడు.

“గింత సలిల కూసొని చేపలు వట్టుడేంది? వీనికి ఇల్లు లేదా?” అన్నాడు అన్న.

“ఆనికి సరదా అన్నా.”

“సరదానా!” అని చాలాసేపు నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే.

సూటు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇలాంటివి చూడడం మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. జిప్పు పెద్ద పళ్లది, గ్లౌజు తియ్యకుండా లాగడానికి తాడు కట్టి ఉంది. మోకాళ్ల దగ్గర లోపల మెత్త వేసి కుట్టారు. దూది జారకుండా గడులు గడులుగా కుట్లు వేశారు. వంగినా నడుము బయటపడనంత ఎత్తుగా వెనక భాగం ఉంది. షాపు భాయ్ ఇంకో సైజుదీ దించాడు; పెద్ద సైజు అన్నకు, మధ్య సైజు నాకు సరిపోతాయి. నేను పెద్దదే తీసి అన్న చేతిలో పెట్టి, కూర్చుని లేచి చూడమన్నాను. ప్యాంటు ఎక్కాలంటే బూట్లు విప్పాలన్నాడు షాపు భాయ్.

స్టూలు మీద కూర్చుని అన్న బూట్లు విప్పాడు. ఎడమ మేజోడు మడమ దగ్గర నల్లగా, అట్టకట్టి ఉంది. అది చెమట కాదు. నేను కింద కూర్చుని మెల్లగా ఒలిచాను. చేపల పెట్టెల చుట్టూ పట్టీ బిగించే రేకు క్లిప్పు మడమలో సగందాకా దిగి ఉంది. నిన్నటి డ్యూటీలోనే బూటులో పడి ఉంటుంది. దాని మీదే నడిచాడు, నిలబడ్డాడు, బస్సు కోసం నాతో పాటు పరుగెత్తాడు.

“నొస్తలేదా అన్నా?”

“లేదు.” ఇంకెవరి కాలునో చూస్తున్నట్టు వంగి చూశాడు. “ఎప్పుడు వడ్డదో ఏమో.”

“మరి సలి?”

“సలి ఎప్పటిసందో తెలుస్తలేదురా. అలవాటైంది, ఇగ మంచిగైందనుకున్న” అన్నాడు. తర్వాత పెద్ద సైజు సూటును పక్కకు తోసి, మధ్య సైజుది నా వైపు జరిపాడు. “నీ సైజుదే తీసుకో. నీకింకా సలి వెడ్తది గదా.”

నాకు ఏడుపు రావాలి. రాలేదు. లోపల ఎక్కడో ఏదో ఆగిపోయినట్టయింది, అంతే. ఇన్నాళ్లూ మేమంతా మెచ్చుకున్నది దీన్నేనని మాత్రం అర్థమైంది. క్లిప్పును గోళ్లతో పట్టుకుని లాగేశాను. రక్తం వచ్చింది. షాపు భాయ్ నీళ్ల కోసం లోపలికి పరుగెత్తాడు. నా రుమాలు మడతపెట్టి గాయం మీద పెట్టి, చుట్టూ తిప్పి, రక్తం ఆగాలని బలమంతా పెట్టి బిగించి ముడి వేశాను. వేశాక కూడా ఆ పాదాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను. వదలడానికి మనసు రాలేదు.

నేను క్లిప్పు పట్టుకున్నప్పటి నుంచీ అన్న తల గోడ వైపు తిప్పుకునే ఉన్నాడు. నొప్పికి సిద్ధపడ్డవాడిలా కళ్లు మూసుకుని, పళ్లు బిగపట్టాడు.

“కట్టు తమ్మీ,” అన్నాడు. “ఇంకెప్పుడు కడ్తవ్?”